గాజుగది గుమ్మం దగ్గర

జిగురు పట్టిన నల్లగుడ్డని పొర మీద పొర పరిచి, పెద్ద పొయ్యిలో ఉడికించి విమానం తలుపులు చేసే చోట, గుమ్మం దగ్గర నా పని. లోపలి గాజుగదిలో దుమ్ము ఉండకూడదు, చెమ్మ ఉండకూడదు, నూనె అసలే ఉండకూడదు. వేలిముద్రంత నూనె చాలు, పొరలు అతుక్కోవు. పైకి చూస్తే తెలియదు కూడా. అందుకే గ్లౌజులు తొడుక్కునే ముందు అందరి చేతుల మీదా నీళ్ళు చల్లుతాను. నీళ్ళు పరుచుకుంటే లోపలికి. పూసల్లా నిలబడితే వెనక్కి.

ఆ పొద్దున మా తోడికోడలి చేతి మీద పూసల్లా నిలబడ్డాయి. మా ఆయన పోయాక నన్ను తనింట్లో ఉంచుకున్న మనిషి.

"ఏం రాశావే?"

"కాస్త నూనె. రాత్రంతా పగుళ్ళు ఒకటే మంట అక్కా. సబ్బుతో రుద్దుకునే వచ్చాను."

"మళ్ళీ రుద్దుకో."

రుద్దుకుంది. పగుళ్ళలోంచి ఎర్రగా ఊరింది. నీళ్ళు మాత్రం మళ్ళీ పూసలే.

ఆ చేతులు అలా అయ్యింది కూడా ఈ పనివల్లే. పొరలు పరిచే అచ్చుల్ని తుడిచే మందు చర్మాన్ని ఎండగొట్టేస్తుంది. ఇంతకుముందోసారి తను ఇలాగే దొరికితే, ఇంకోసారైతే ఉడికిన తలుపుల్ని గీకి నునుపు చేసే రాపిడి షెడ్డుకి పంపేస్తానన్నాడు మేస్త్రీ. అక్కడ దుమ్ములో ఎదుటి మనిషి కనపడడు. తనకసలే ఆయాసం.

"వదిలెయ్యక్కా. రెండు జతలు తొడుక్కుంటాను."

"చిరిగితే?"

"ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం. నువ్వే అడ్డం పడతావా?"

వెనక వరసలోంచి ఎవరో నవ్వారు. "ఏంటమ్మా, చెయ్యి చూసి జాతకం చెబుతున్నావా? నాకు సెలవు రాసుందో లేదో కూడా చూడు!"

ఆ విమానం తలుపు పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఎవరో ఒకరు కూర్చుంటారు.

"మేస్త్రీగారూ, నూనె," అన్నాను.

మా తోడికోడలు నా వంక చూడలేదు. తలకున్న టోపీ తీసి నా చేతిలో పెట్టి, షెడ్డు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి గోడకానుకుని దగ్గుతోంది. కనురెప్పల మీద కూడా దుమ్మే. అన్నం పెడితే తింది. గిన్నెలు కడిగేసి, నూనె సీసా తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. చెయ్యి ఇవ్వమన్నాను. ఇవ్వదనుకున్నాను. ఇచ్చింది.

"బాగా రాయి," అంది అటు తిరిగి. "ఇంక ఎవరూ నీళ్ళు చల్లరుగా."