ముప్పై ఒక్క ఇళ్లు

మృగశిర కార్తె వస్తుందంటే నాకు కాలు నిలవదు. ములుగులో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నాలుగు వేల మందికి ఈమెయిలు రాస్తాను: "వాన వాసన వస్తోంది, బీర గింజలు నానబెట్టండి." అందరూ నా దగ్గర ఆన్‌లైన్‌లో నాటు విత్తనాలు కొన్నవాళ్లే. ఎక్కడో ఎనిమిదో అంతస్తులో ఒకామె ఫోను తెరిచి, నా అక్షరాల్లో తడిమట్టి వాసన చూస్తున్నట్టు ఊహించుకుంటూ ఉంటాను.

ఈ ఏడు ఆ ఉత్తరంతో నాకు మరీ పని పడింది. ఎర్రవల్లి అనే ఊళ్లో ఉండే ముసలి కొండవ్వ తన పొడుగు మెడ సోరకాయ గింజలన్నీ నా చేతిలో పోసింది. ఆమె కొత్త ఇంటి వాకిలంతా సిమెంటు. గింజలేమో ఏనాటివో, ఈ వానకు మొలవకపోతే ఇక మొలవవు. ఒక్క పెరట్లోనే పెట్టి, దానికి చీడ పడితే జాతే పోతుంది. పది చోట్ల పాకాలి.

సరిగ్గా అప్పుడే ఈమెయిళ్లు పంపే కంపెనీ నా చేతులు కట్టేసింది. అక్కర్లేని ఉత్తరాలను ఆపడానికి కొత్త నిబంధనలట. విత్తనాలు కొంటే సరిపోదు, "రాయండి" అని విడిగా ఒప్పుకున్నవాళ్లకే రాయాలి. ఒక్కసారి అడగవచ్చు, జవాబివ్వనివాళ్ల పేర్లు తీసేయాలి. నాకు ఒళ్లు మండింది. లాటరీ తగిలిందనే దొంగ మాత్రం రోజూ నా ఫోన్‌లోకి దర్జాగా వస్తున్నాడు!

"రాయమంటారా?" అని అందరినీ అడిగాను. వారమంతా మబ్బులు వచ్చాయి, పోయాయి. గిన్నెలు తోముతున్నా నాలుగు వేల గుమ్మాల ముందు నిలబడి ఉన్నట్టే ఉండేది. చివరికి ఔనన్నవాళ్లు ముప్పై ఒక్కరు. వాళ్లలో ఒకామె రాసింది: "మీ ఉత్తరం స్పామ్‌లో దొరికిందండీ. మీరు రాయడం మానేశారనుకున్నాను." మిగతావాళ్లు వద్దనుకున్నారో, అసలు చూడనే లేదో నాకెప్పటికీ తెలియదు. ఏడుపొచ్చింది.

ఈ ముప్పై ఒక్కరిలో నాటేవాళ్లు ఎందరుంటారులే అని, గింజలు తిరిగి ఇచ్చేద్దామని ఎర్రవల్లి వెళ్లాను.

"నాలుగు వేల మంది ఉన్నరనుకున్న కొండవ్వా. ముప్పై ఒక్కరే మిగిలిన్రు," అన్నాను.

ఆమె చేతిలో చాట పక్కన పెట్టింది. "ముప్పై ఒక్క ఇండ్లా? నువ్వు అడిగితే సరేనన్నరా?"

"అన్నరు."

"నా బతుకంత కలిపి తొమ్మిది ఇండ్లకు ఇచ్చిన, రోజా. అండ్ల ఏడిండ్లోళ్లు తీగనే పీకేసిన్రు. ఇంటికి మూడు గింజలు పంపు బిడ్డా, జల్ది పంపు." చాట మళ్లీ అందుకుంది. "మరి నా పేరు రాసుకున్నవా?"

"నీకు ఈమెయిలు లేదు గదవ్వా."

"లేకుంటేంది? నన్ను గూడ అడుగు."

అడిగాను. "రాయి," అంది.

శ్రావణంలో పంతొమ్మిది ఇళ్ల నుంచి ఫోటోలు వచ్చాయి. బాల్కనీ కడ్డీలకు, నీళ్ల ట్యాంకులకు, ఎక్కడ చూసినా సోర తీగ. బస్సెక్కి ఎర్రవల్లి వెళ్లి, ముప్పై రెండో ఉత్తరం కొండవ్వకు చదివి వినిపించాను. ఆమె ఒక్కొక్క ఫోటోనూ వేలితో తడుముతూ, ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందో అడిగి తెలుసుకుంది.