అద్దె టైర్లు

వెనక సీటు కింద బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీ ఒకటుంటుంది. ప్రతి ఆదివారం దాన్ని పాత టూత్‌బ్రష్‌తో గోకడం నా పని. సవరాల వెంట్రుకలు, మేకప్ పౌడరు, పల్లీ పొట్టు వస్తాయి. అది మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుందని మెకానిక్ చెప్పినప్పుడు పక్కన నేనున్నాను కాబట్టి ఆ పని నాదైపోయింది. మా ఇంట్లో పనుల పంపకం అంతే. ఎవరి చెవిన పడితే వాళ్ళది. మా ఆయన చెవులు ఎప్పుడూ ఫోనుకే అంకితం.

మా ఆయన కాశీవిశ్వనాథం ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ మేనేజరు. ఈ హైబ్రిడ్ బండి ఇంటి కోసమని, ఆడపేరు కలిసొస్తుందని నా పేరు మీద కొన్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే టాక్సీల పసుపు బోర్డు బిగించి షూటింగులకు తిప్పడం మొదలుపెట్టారు. నన్ను అడగలేదు, సంతకం మాత్రం అడిగారు. షూటింగు లేని రోజుల్లో అత్తగారిని తిప్పడానికి డ్రైవరుని నేను.

నాలుగు నెలల కిందట అత్తగారిని బంజారా హిల్స్‌లో ఫిజియోథెరపీకి తీసుకెళ్తూ మా వీధి వాలు దిగుతున్నాను. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. వేగం నత్తనడకన తగ్గింది తప్ప ఆగలేదు. చివరికి ఫుట్‌పాత్ రాయికి గుద్దుకుని ఆగింది. ఇంటికి రాగానే అత్తగారు "దీనికి డ్రైవింగు రాదురా" అని కొడుక్కి చెప్పేశారు. ఆయన ఫోను కాస్త పక్కకు జరిపి "నీ కాళ్ళు పొట్టి సత్యా, సీటు ముందుకు జరుపుకో" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా కాళ్ళు పొట్టివని ఆ రోజే తెలిసింది.

మర్నాడు నేనే షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ చక్రం విప్పి బ్రేకులకు పట్టిన తుప్పు చూపించాడు. "ఈ బండ్లను సగం మోటారే ఆపుతదమ్మా. బ్రేకులకు పని తక్కువ. వాడక వాడక బిగుసుకపోతయ్. బ్యాటరీ నిండిందనుకో, మోటారు ఆపదు. అప్పుడు దిగుడుల తెలుస్తది." సామాను తెప్పించి మార్చడానికి వారం పడుతుందన్నాడు. ఆ మాటే ఆయనకు చెప్పాను. "వారం షెడ్డులో పెడితే హీరోయిన్ స్టాఫుని నువ్వు మోసుకెళ్తావా? షూటింగయ్యాక చూద్దాం." మళ్ళీ చెప్పాను, మళ్ళీ చూద్దామన్నారు. మూడోసారి చెబితే "బండి సంగతి నాకు నేర్పుతున్నావా?" అన్నారు. వంటింట్లోకి వెళ్ళాను. నేను గట్టిగా కాదన్నది ఆఖరిసారి ఎప్పుడా అని పప్పు కడుగుతూ ఆలోచించాను. ఒక్కటీ గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది.

రేపు పొద్దున్నే ఈ బండి మారేడుమిల్లి ఘాట్‌కు వెళ్ళాలి. యూసుఫ్‌గూడలో ఉండే హెయిర్‌డ్రెస్సరు దేవమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు అందులో ఎక్కుతారు. పోయిన వారం విగ్గుల పెట్టె తీసుకోవడానికి ఇంటికొచ్చిన దేవమ్మ "మొన్న దిగుడుల మీ బండి మస్తు ఉరికిందక్కా, డ్రైవరు సుత దేవుణ్ని తలుసుకున్నడు" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. తాళం దాచేద్దామనుకున్నాను. ట్యాంకులో పంచదార పోద్దామనుకుని డబ్బా మూత తీసి ఎంత ఉందో కూడా చూసుకున్నాను. ఆ ఘాట్ మలుపుల్లో ఏదన్నా జరిగితే పేపర్లో ఓనరు సత్యలక్ష్మి అని నా పేరు వస్తుంది. పేరు సంగతి అలా ఉంచండి, దేవమ్మ మళ్ళీ నవ్వడానికి ఉండదు.

ఇవాళ బండికి ఫిట్‌నెస్ టెస్టు. పాసవ్వకపోతే రోడ్డెక్కడానికి లేదు. ఆ ఒక్క ఆశతో, ఓనరు ఉండాలన్నారని నేనే బండి నడుపుకుంటూ వచ్చాను. ఏజెంటు రాములు దారిలో బోరబండ దగ్గర ఒక టైర్ల కొట్టు ముందు ఆపించాడు. అరిగి గుండైన మా నాలుగు టైర్లూ విప్పి, ముళ్ళు ముళ్ళుగా ఉన్న నాలుగు కొత్తవి బిగించారు. "గివి కిరాయికి మేడమ్, టెస్టు కోసం. సాయంత్రం మళ్ల పాతవేసిస్తం. జర ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. మా ఆయన నా వైపు చూసి "చూశావా, ఎలా మేనేజ్ చేయాలో" అన్నారు. నా ఆశ కాస్తా ఆ కొట్టు ముందే జారిపోయింది.

టెస్టు గ్రౌండు మట్టంగా ఉంది. ఆఫీసరు నెమ్మదిగా నడిపాడు, ఆపాడు. మోటారే ఆపింది, బండి బుద్ధిగా నిలబడింది. లైట్లు, హారను, టైర్లు, అన్నీ బాగున్నాయన్నాడు. సంతకం పెట్టబోతూ, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"బండిలో ఏమన్నా కంప్లయింటు ఉందామ్మా?"

"ఏమీ లేదు సార్," మా ఆయన జవాబు చెప్పారు.

"ఉందండీ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. టైర్లు మావి కావన్నాను. వాలులో బ్రేకు పట్టదన్నాను. రేపు అయిదుగురు ఆడవాళ్ళు ఘాట్ దిగాలన్నాను. రాములు చిన్నగా అక్కడి నుంచి తప్పుకున్నాడు. మా ఆయన నవ్వారు. "మా ఆవిడకి భయం ఎక్కువ సార్. డ్రైవింగు సరిగ్గా రాదు. బండి నిక్షేపంలా ఉంది."

ఆఫీసరు ఇద్దరినీ చూశాడు. గ్రౌండు వెనక గేటు దాటితే మెయిన్ రోడ్డు దాకా నిటారుగా దిగే దారి. కింద బస్సులు అటూ ఇటూ పోతున్నాయి. అతను తాళం మా ఆయన ముందు పెట్టాడు. "అయితే మీరే ఒకసారి అక్కడిదాకా దిగి రండి సార్. నేను రాసిచ్చేస్తాను."

మా ఆయన తాళం తీసుకోలేదు. నవ్వు పోయింది. "ఎందుకు సార్, ఇప్పుడే చూశారుగా," అన్నారు. చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. నాలుగు నెలలుగా ఆయన ఈ బండి ముట్టుకోలేదు. ఎక్కడికైనా కంపెనీ కారే. ఇవాళ కూడా రాములు బైకు మీదొచ్చారు. బండి నాతో తెప్పించారు. నేను చెప్పిన ప్రతి మాటా ఆయన నమ్మారు. నమ్మి, నన్నూ కన్నతల్లినీ అందులో తిరగనిచ్చారు.

"ఫెయిలని రాయండి," అన్నాను.

"సత్యా, రేపు నా పరువేం కావాలి?" అన్నారాయన. పక్కకొచ్చి దేవమ్మకు ఫోను చేశాను.

"రేపు మా బండి రాదు దేవమ్మా. వేరే బండి పంపిస్తారు. ఎక్కే ముందు ఆ బండిని మా ఆయన్ని ఒకసారి నడపమను. ఆయన నడపనంటే, మీరెవరూ ఎక్కకండి."