టింకుల మింకుల జుజ్జురు బుయ్యా

"నువ్వు తప్పు పాడుతున్నావమ్మా. అది నాన్న పాట, నీకు రాదు" అంది కూతురు, జడ వేయించుకుంటూ.

ఆరేళ్ళ పిల్ల మాట. అయినా ఆవిడ చేతిలో దువ్వెన ఆగిపోయింది. తప్పు పాడటమేంటి? "టింకుల మింకుల జుజ్జురు బుయ్యా" అని లోకంలో మొట్టమొదట అన్నది తనే. ఈ పిల్లతోనే. పాలు మానిన దగ్గర్నుంచి రెండేళ్ళు ఇది నోరు తెరిస్తే ఒట్టు. పొద్దున ఓ గంట, మధ్యాహ్నం ఓ గంట, గిన్నె పట్టుకుని ఇల్లంతా దీని వెనక తిరగడమే, ఆఖరికి స్నానాలగదిలోకి కూడా. తల మీద నీళ్ళు పోస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుపు. అందుకని జుజ్జురు అంటే నీళ్ళొస్తున్నాయి, కళ్ళు మూసుకో అని. బుయ్యా అంటే అదీ వెంటనే బుయ్యా అనేది. ఆ 'యా' దగ్గర నోరు తెరుచుకోగానే చటుక్కున ముద్ద లోపలికి. ఒక్కో మాటా ఒక్కో పని కోసం పుట్టింది. అప్పట్లో అత్తగారు "ఏంటా పిచ్చి కూతలు, పిల్లకి నత్తి వస్తుంది" అని విసుక్కునేది.

పిల్లల టీవీ కార్యక్రమాలకి బాణీలు కట్టే భర్త మాత్రం స్నానాలగది తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడేవాడు. కూతురి ముచ్చట దాచుకుంటున్నాడు కాబోలని ఈ పిచ్చిమొహం మురిసిపోయింది కూడా. ఆర్నెల్లకి అవే మాటలు టీవీలో. వీధిలో పిల్లలందరి నోటా అవే. "ఎలా తట్టాయండీ ఆ మాటలు?" అని యాంకరమ్మాయి అడిగితే "స్నానాలగదిలో" అన్నాడు. అబద్ధం అనడానికీ లేదు. అవి నా మాటలు కదండీ అని ఆ సాయంత్రం వంటగదిలో అంటే నవ్వేశాడు. "అర్థం పర్థం లేని వాగుడు. అందులో నీదేంటి, నాదేంటి?" అన్నాడు. "మావాడికి పుట్టుకతోనే ఆ కళ ఉంది" అంది అత్తగారు, నత్తి సంగతి శుభ్రంగా మర్చిపోయి. ఏమని తగాదా పడుతుంది, బుయ్యా నాదని? నలుగురూ నవ్వరూ? తిన్న ముద్దలు పిల్లకి గుర్తులేవు. ఆ మాటలు ఎందుకు పుట్టాయో తెలిసిన మనిషి ఇప్పుడు తనొక్కతే. ఎవరితో చెప్పుకోవాలి?

"తొందరగా కానివ్వు, ఇవాళ నువ్వూ రావాలి" అని భర్త హాల్లోంచి పిలిచాడు. ఆ పాటనే పెద్దది చేసి మళ్ళీ రికార్డు చేస్తున్నారు. రెండో చరణానికి వారం రోజులుగా ఆయనకి ఒక్క మాటా పుట్టలేదు. "ఊరికే ఓ మూల కూర్చో. ఏమైనా తడితే నా చెవిలో చెప్పు చాలు."

స్టూడియోలో కూతుర్ని పక్కనేసుకుని సోఫాలో కూర్చుంది. అద్దం అవతల నిలబడి పాడే పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. గొంతు ఖంగుమంటోంది. కానీ బుయ్యా తర్వాత పాటలో చిన్న ఖాళీ ఉంది. అక్కడ ఆగకుండా తర్వాతి మాట అందేసుకుంటోంది. ఏడుసార్లు పాడించారు. "నాలుగు లెక్కపెట్టు" అంటాడు ఆయన. లెక్కపెడితే బిగుసుకుపోతోంది. చివరికి హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి "ఇక్కడ ఎందుకాగాలి అంకుల్?" అనడిగింది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అది... ఫీలమ్మా" అన్నాడు.

ఫీలట, ఫీలు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వీపు నొప్పితో, చెయ్యి ఎండిపోయి, గోడ గడియారం చూస్తూ తను ఆగిన ఆగుళ్ళన్నీ ఈయనగారి ఫీలైపోయాయి. లేచి, అద్దం అవతలికి వినిపించే మైకు దగ్గరికి నడిచింది.

"నోట్లో పెద్ద ముద్ద ఉందనుకో తల్లీ. నమిలి, మింగేసి, అప్పుడు పాడు" అంది.

పిల్ల బుగ్గలు పూరించి, నమిలి, మింగి, పాట అందుకుంది. ఒక్కసారికే సరిపోయింది.

సౌండ్ ఇంజనీరమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. "మీకెలా తెలుసండీ?"

ఆయన చెప్పారు అనే జవాబు నాలుక చివర తయారుగానే ఉంది. మూడేళ్ళుగా ఎవరడిగినా అదే. ఈసారి ఎందుకో పెదవి దాటలేదు.

"ఈ మాటలు నేను కట్టినవమ్మా. మా అమ్మాయి అన్నం తినేది కాదు. అది మింగేదాకా ఆగేదాన్ని."

"మా ఆవిడ సరదా మనిషిలెండి" అని ఆయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. కూతురు సోఫా దిగి దగ్గరికొచ్చింది. అమ్మని ఇప్పుడే చూస్తున్నట్టు తలెత్తి చూసింది.

"నేను నోరు తెరిచేదాన్ని కాదా అమ్మా?"

"చస్తే తెరిచేదానివి కాదు. పద, దారిలో అన్నీ చెప్తాను."

పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు దాకా వచ్చేసరికి ఆయన వెనకాలే వచ్చాడు. గొంతు బాగా తగ్గించి, "మరి రెండో చరణం?" అన్నాడు.

"మీరే కట్టండి" అంది.