గట్టుమీద పదిహేడు మంది

చిత్రకళ తరగతిలో అందరికన్నా పెద్దవాడు ఆయనే. నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి కాబట్టి తోటివాళ్లు ‘బోర్డు బాబాయ్’ అని పిలిచేవారు. ఆ పిలుపు ఆయనకు నచ్చింది. నచ్చనిదల్లా ఆయిల్ రంగు ఒక్కటే. బోర్డుకు వేసే ఎనామిల్ పొద్దున పూస్తే సాయంత్రానికి ఆరి కూర్చుంటుంది. ఇది నాలుగు రోజులైనా వేలికి అంటుకుంటూ, అలిగిన చుట్టంలా ఒక పట్టాన తేలదు.

టీచరు ఇచ్చిన పని, పాతకాలపు నగర చిత్రం ఒకటి చూసి అచ్చంగా దింపడం. నది, వంతెన, మంచులో మునిగిన గోపురాలు, పొద్దుగుంకే వెలుగు, గట్టుమీద పదిహేడు మంది మనుషులు. అది కుదిరితే పై తరగతి. అక్కడ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వెయ్యనిస్తారు. ఆయన చేరిందే అందుకు. ఫొటోలు చూసి ఎవరెవరి మొహాలో గోడలకెక్కించాడు గానీ, భార్య మొహం ఒక్కసారీ వెయ్యలేదు. ఆ సంగతి ఆమెకింకా చెప్పలేదు.

ఆకాశం కుదిరింది, నీళ్లూ కుదిరాయి. మనుషుల దగ్గరే బండి ఆగింది.

“బాబాయ్, ఆ గట్టు చివర వాళ్లు మనకెంత దూరం?” అంది టీచరు. ఆయన కూతురి వయసుంటుంది.

“ఓ ఫర్లాంగు ఉంటారమ్మా.”

“మరి ఫర్లాంగు దూరంలో వాళ్ల కనుబొమలు మీకెలా కనపడ్డాయి?”

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డవతల నుంచి కళ్లూ మీసాలూ కనపడకపోతే బోర్డు వాపసు పంపేవాళ్లు మరి. అందుకే మొహం మొహానికీ నల్లగీత చుట్టి కళ్లు పెట్టాడు. తుడిచి వేసినా చెయ్యి మళ్లీ అక్కడికే పోతోంది.

“రేపు శనివారానికీ ఇలాగే ఉంటే, ఈ ఏడాదికి ఈ తరగతిలోనే ఉందాం బాబాయ్,” అంది టీచరు, మెత్తగానే.

బొమ్మను ఇంటికి తెచ్చి కిటికీ పక్కన స్టూలుమీద నిలబెట్టాడు. భార్య కుట్టుమిషను ఆపి వచ్చి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

“ఏమండీ, వీళ్లంతా గ్రూపు ఫొటోకి నిలబడ్డారా? ఒక్కళ్లూ ఎటూ పోవడం లేదే!”

“నువ్వూ మొదలెట్టావా? ఇంక వెళ్లనులే. ఈ వయసులో నాకెందుకీ గోల.”

“వెళ్లకపోతే పోనీ, ఇది చెప్పండి. నేను కుట్టిన బట్టలిచ్చి వస్తుంటే, వీధి మలుపులో ఉండగానే మీరు టీ పెట్టేస్తారుగా. నేనేనని ఎలా పోల్చుకుంటారు? మొహం చూసా?”

 ఎలా పోల్చుకుంటాడో ఆయనకే తెలీదు.

“ఉండండి, వస్తా,” అని సంచీ తగిలించుకుని మూడంతస్తులూ దిగిపోయింది.

ఆయన కిటికీలోంచి చూస్తుంటే, మలుపు దగ్గర ముందు ఒక ముదురు మచ్చ కనపడింది. కుడివైపు కాస్త ఒరిగి ఉంది. తల వెలుగులో కలిసిపోయింది. పది అడుగులు వేసి, మోకాలు కుదుటపడేదాకా ఆగి, మళ్లీ కదిలింది. మొహం లేదు, కనుబొమల్లేవు. అయినా ఆమె తప్ప లోకంలో ఇంకెవరూ కాదు.

గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి గట్టు చివరి మొహం తుడిచేశాడు. ఒక ముదురు మచ్చ, దాన్నానుకుని ఒరిగినట్టు ఇంకొకటి, కాళ్ల కింద కాస్త నీడ. కళ్లు పెట్టబోయిన చేతిని తనే వెనక్కి లాక్కున్నాడు.

ఆమె ఆయాసపడుతూ వచ్చి, బొమ్మను చాలాసేపు చూసింది.

“నేనిలా నడుస్తానా?”

“మోకాలు నొప్పని ఎప్పుడూ చెప్పలేదే?”

“అడిగితేగా!”

మర్నాడు టీచరు బొమ్మ ముందు వంగి అక్కడే ఆగిపోయింది. “ఈవిడ నడుస్తోంది బాబాయ్! మిగతా పదహారు మందినీ ఇలాగే నడిపించండి. వారం గడువిస్తా. తర్వాత పై తరగతికి వచ్చెయ్యండి.”

ఇంటికొచ్చి చెబితే భార్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “ఇంకా పదహారుసార్లు మెట్లు దిగాలా?”

“నువ్వేం దిగక్కర్లేదు. వీధినిండా జనమే.” ఆమె కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, కాలి కింద దిండు పెట్టాడు. “పై తరగతిలో ఎదురుగా ఒకళ్లు కూర్చోవాలట. గంటసేపు. నువ్వు వస్తావా?” అన్నాడు.

ఆమె చీర కొంగు సర్దుకుంది, ఇప్పుడే తన బొమ్మ వేస్తున్నట్టు.

“మాట్లాడొచ్చా?”

“వద్దంటే ఊరుకుంటావా!”