మడుగు దగ్గర దుప్పులు

మసాజ్ గది తువ్వాళ్లను మిగతా బట్టలతో కలిపితే అన్నిటికీ నూనె పడుతుంది. అందుకని విడిదిలో బట్టలు ఉతికే ఆవిడ వాటిని విడిగా, సోడా వేసిన వేడినీళ్ల తొట్టిలో ముంచి, కర్రతో అదిమి, పైకి తేలిన జిడ్డును చిప్పతో తీసి పారబోస్తోంది. పక్కనే బొమ్మల హాలు నుంచి వచ్చిన ఏప్రాన్లు కుప్పగా పడి ఉన్నాయి. ఈ వారం కొండ మీది విడిదిలో దిగినవాళ్లంతా రంగులు వేయడం నేర్చుకునేవాళ్లే. పొద్దున్న బొమ్మలు, మధ్యాహ్నం మసాజ్, ఆపైన గుర్రాల మీద షికారు, సాయంత్రం మంచె ఎక్కి అడవి జంతువులను చూడటం. రంగు కాన్వాసు మీద కన్నా బట్టల మీదే ఎక్కువ పడుతోంది. ఒకాయన దిండు గలీబు మీద పచ్చటి మరక ఒకటి అచ్చం కొండలాగే ఉంది.

"నిద్దట్లో కూడా వేస్తున్నాడు పాపం," అంది ఆవిడ, దాన్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ. "ఇంట్లో ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో!"

ఇస్త్రీ బల్ల దగ్గరున్న అతను తల ఎత్తలేదు. ఆవిడ మాటలకు జవాబు అక్కర్లేదని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది. వంటవాడి అల్లుడి తాగుడు, ఎర్ర గుర్రం కాలి పుండు, బొమ్మల మాస్టారు తలకు వేసుకునే నల్లరంగు, ఏ సంగతైనా విడిదిలో ముందు ఉతికి ఆరేసేది ఆ బట్టల గదిలోనే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు. ఆవిడ కూడా కాదనదు.

ఆ రోజు మాత్రం కబురు ఇస్త్రీ అతని దగ్గరుంది.

"అక్కా, సాయంత్రం మేనేజరు కూడా మంచె ఎక్కుతాడట. బావ పని చూడ్డానికి."

"ఏం, ఇన్నాళ్లూ చూడలేదా?"

"పోయినసారి వచ్చినవాళ్లెవరో ఫోన్ చేసి గోల పెట్టారట. ఎలుగుబంటి అని బావ చూపిస్తే అందరూ ఫొటోలు తీసుకున్నారు కదా. ఇంటికెళ్లి పెద్దది చేసి చూస్తే కాలిన మొద్దు."

"ఎలుగుబంటి కదలకుండా కూచుంటే మొద్దులాగే ఉంటుంది మరి."

"నాతో ఎందుకు, సారుతో చెప్పు. ఇవాళ కూడా అలాంటిదేదైనా జరిగిందంటే బావకి గేటు దగ్గర స్టూలేనట. వచ్చే పోయే కార్లకి నమస్కారాలు పెట్టే పని."

ఆవిడ తువ్వాళ్లు పిండటంలో పడింది. ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత వింతో ఇస్త్రీ అతను గమనించాల్సిందే గాని, అప్పుడతను ఒక కాలరుతో కుస్తీ పడుతున్నాడు.

ఆవిడ భర్తను విడిదిలో డేగకన్ను తాత అంటారు. ఇది ఉత్త గుర్రాల కొట్టంగా ఉన్న రోజుల్లో ఆయన కంచెలు బాగుచేసే మనిషి. లోయ అవతల నక్క తోక కదిలితే ఇక్కడ సుత్తి ఆపి చెప్పేవాడు. కొట్టం కాస్తా విడిది అయ్యాక ఆ కళ్లే ఆయనకు ఉద్యోగమయ్యాయి. అతిథులు మెళ్లో దుర్భిణులు వేలాడేసుకుని, ఆయన వేలు ఎటు తిరిగితే అటు తిరిగేవాళ్లు. ఆయన మాత్రం ఏనాడూ దుర్భిణి ముట్టుకోలేదు. అద్దం పెట్టుకుని చూసేది కూడా ఒక చూపేనా అనేవాడు. అంత బడాయి ఉన్న మనిషికి చూపు తగ్గడం మొదలైతే ఎవరికి చెప్పుకుంటాడు?

ఆవిడకు తెలిసింది కిందటేడు వానాకాలంలో. ఆఫీసు వరండాలో ఆవిడే కొక్కేనికి తగిలించిన పొడుగాటి రెయిన్‌కోటుకు ఆయన చేతులు జోడించి "నమస్తే సార్" అన్నాడు. కోటు పలకలేదు. ఆయన కాసేపు ఆగి, మొహం ముడుచుకుని వచ్చేశాడు. రాత్రి భోజనం దగ్గర, ఈ కొత్త మేనేజరుకి ఒళ్లంతా పొగరని తిట్టాడు. ఆవిడకు ముందు నవ్వొచ్చింది. తరవాత పొయ్యి వైపు తిరిగి చాలాసేపు అలాగే కూచుంది.

ఆపైన ఒకసారి, కంచె తీగ కొనాలని ఆయన కింద పట్నానికి వెళ్లొచ్చిన మర్నాడు, ఉతకబోయిన చొక్కా జేబులో కంటి చుక్కల సీసా దొరికింది. మా చెల్లెలి మామగారికని చెప్పి, కూరగాయల వ్యాను డ్రైవరు చేత మందుల షాపులో అడిగించింది. ఆ మందు ఉన్న చూపును కొన్నాళ్లు నిలబెట్టడానికే గాని పోయినదాన్ని తెప్పించడానికి కాదన్నారట. చొక్కాను ఉతక్కుండా, సీసాతో సహా, మళ్లీ కొక్కేనికే తగిలించింది. మాసిన చొక్కాతో ఆయన ఇంకో రోజు తిరిగాడు.

అడిగితే ఒప్పుకోడు. ఒప్పుకుంటే ఇక మంచె ఎక్కడు. మంచె ఎక్కని ఆయనను ఆవిడ ఊహించుకోలేకపోయింది. కాబట్టి తనకు చేతనైన పనే చేసింది, మాట్లాడింది.

బట్టల గది వెనక మిట్ట మీద ఆరేసే తీగలు కట్టి ఉంటాయి. మా పక్కబట్టలు కొండగాలికి ఆరినవని విడిది వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, ఆ వంకతో ఆరబెట్టే యంత్రం కొనడం మానేశారు. ఆ మిట్ట నుంచి మడుగు, గడ్డి మైదానం, ఎండుచెట్ల వాలు అన్నీ కనిపిస్తాయి. మధ్యాహ్నం భోజనానికి మొగుడూ పెళ్లాం తమ గదికి చేరేసరికి ఆవిడ దగ్గర అక్కడి కబుర్లన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆ రోజూ ఉన్నాయి.

"మీ దుప్పుల వైభోగం చూశారూ? మూడొచ్చాయి మడుగు దగ్గరికి. ఒకదానికి కొమ్ములు. మిగతా రెండూ దాని పెళ్లాలో, మరదళ్లో. రెల్లు పక్కన నిలబడ్డాయి, అత్తారింటికొచ్చిన అల్లుళ్లలాగా. పొద్దుట్నుంచీ కదిలితే ఒట్టు."

ఆయన తల వంచుకుని తింటున్నాడు. ఎప్పుడూ ఏమీ అడగడు. కాని ఆవిడ జంతువుల సంగతికి వచ్చినప్పుడు నమలడం ఆపుతాడు. ఆవిడ వంటవాడి అల్లుడి మీదికి వెళ్లగానే మళ్లీ మొదలుపెడతాడు.

"నీ నోటికి సెలవంటూ ఉండదా?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. రోజూ అనే మాటే. గుమ్మాన్ని ఏదో మామూలుగా తాకినట్టు తాకి, ఆగాడు. "సాయంత్రం సారు వస్తాడట."

"రానీండి. ఆయనా చూస్తాడు."

ఆయన గడ్డం గీసుకుని ఉన్నాడు. చెవి కింద కాస్త మిగిలిపోయింది. ఆవిడ చెప్పలేదు.

ఎండ వాలుతుండగా ఆవిడ మిట్ట మీద ఏప్రాన్లు ఆరేస్తోంది. షికారు గుర్రాలు వరసగా మడుగు వైపు దిగాయి. గుర్రం మీద ఎవరో కెవ్వుమన్నారు. దుప్పులు మూడూ తలలెత్తాయి. ముందు కొమ్ములది కదిలింది, దాని వెనక మిగతావి. గడ్డి దాటి, విరిగిన కంచె దాటి, తాపీగా ఎండుచెట్ల వాలెక్కి ఆ బూడిద రంగులో కలిసిపోయాయి. పళ్ల మధ్య క్లిప్పు పెట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయింది.

కాసేపట్లో మంచె మీద అందరూ చేరతారు. ఈయన లేని దుప్పులను మేనేజరుకి చూపిస్తాడు. తన మాట నమ్మి చూపిస్తాడు.

అతిథులు తిరిగే చోటికి బట్టల గది వాళ్లు రాకూడదని నియమం. చలికి కప్పుకునే కంబళ్లను మంచె మీదికి మోసేది క్యాంటీను మనిషి. అతని కోసం మడతపెట్టి ఉంచిన దొంతరను ఆవిడే ఎత్తుకుని అడ్డదారిన మంచె ఉన్న గుట్ట ఎక్కింది. మోకాళ్ల నొప్పి గురించి విడిదంతా చాటింపు వేసిన మనిషి ఎక్కడా ఆగలేదు.

పేరుకే మంచె గాని, అది నున్నటి చెక్కలు పరిచిన పెద్ద వేదిక. చుట్టూ కమ్మీలు, మెత్తటి కుర్చీలు, ఒక పక్క కాన్వాసులు నిలబెట్టే ఈజిళ్లు. ఆవిడ మెట్లు ఎక్కేసరికే ఆయన చెయ్యి చాచి ఉన్నాడు.

"అదిగో, మడుగు పక్కన. రెల్లు దగ్గర చూడండి."

దుర్భిణులన్నీ అటే ఉన్నాయి.

"నాకు నీళ్లే కనిపిస్తున్నాయి," అన్నాడు ఒకాయన.

"నాక్కూడా."

"తొందరపడకండి. నిదానంగా చూడండి." ఆయన చెయ్యి దించలేదు. మేనేజరు చిన్నగా దగ్గాడు.

అతిథుల్లో ఉన్న ఒక పళ్ల డాక్టరమ్మ మాత్రం దుర్భిణి జోలికి పోలేదు. వెలుతురు పోకముందే బొమ్మ ముగించాలని ఆమె ఆదుర్దా.

"ఎన్ని తాతా?" అంది కాన్వాసు మీంచి తల తిప్పకుండానే.

"మూడమ్మా."

"కొమ్ములున్నాయా?"

"ఒకదానికి."

డాక్టరమ్మ బ్రష్షును గోధుమరంగులో ముంచింది.

ఆవిడ కంబళ్ల దొంతరను దబ్బున కుర్చీలో పడేసింది.

"ఏమండోయ్! మీ దుప్పులకి కాస్త బుద్ధి చెప్పండి," అంది రొప్పుతూనే, అందరికీ వినబడేలా. "మడుగు దగ్గర మేసింది చాల్లేదు కాబోలు, మీరు కట్టిన కంచె తొక్కుకుంటూ ఎండుచెట్ల వాలెక్కాయి. నా ఏప్రాన్లు పడేస్తే మళ్లీ ఎవరు ఉతుకుతారు?"

అతిథులు నవ్వారు. మేనేజరు నవ్వలేదు. "మీరిక్కడికెందుకు వచ్చారమ్మా?"

"కంబళ్లు సార్. చలిగా లేదూ?"

ఆయన మొహం ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆయనకు ఏం అర్థమైందో ఆవిడకు అర్థమైంది. ఆయన చాచిన చెయ్యి చాచినట్టే మెల్లగా మడుగు మీంచి గడ్డి మీదికి, అక్కడి నుంచి వాలు మీదికి తిరిగింది.

"నీళ్లు తాగేసి అటెక్కాయండీ. విరిగిన కంచె నుంచి పైకి రండి. చెట్ల మధ్య చూడండి. ఏ చెట్టు కదిలితే అది చెట్టు కాదు."

"అబ్బ! అదిగో, కొమ్ములు!" అని ఎవరో అరిచారు.

ఆ తరవాత చీకటి పడేదాకా మంచె మీద పండగే. డేగ కన్నంటే డేగ కన్నే అని మేనేజరు కూడా అన్నాడు. అతిథులు భోజనాలకు దిగారు. డాక్టరమ్మ తడి బొమ్మను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని వెళ్లింది. మేనేజరు మాత్రం ఆగాడు.

"పెద్దాయనా, ఇక మీ మీద ఎవరేం చెప్పినా నేను వినను. వచ్చే నెల నుంచి తెల్లవారుజామున ఒక నడక కూడా పెడదాం. లోయ అంచు మీదుగా సెలయేటి దాకా. ముందు మీరు, వెనక అతిథులు."

ఆవిడ కంబళి దులపడం ఆపింది. లోయ అంచు దారిలో పగటి పూటే గుర్రాలు వెనకాడతాయి.

"నాకు కనబడదు సార్," అన్నాడు ఆయన.

మేనేజరు పగలబడి నవ్వాడు. "మీకు కనబడకపోతే ఇంక మాకెవరికి కనబడుతుంది!"

"నిజం సార్. మీ మొహమే నాకిప్పుడు తెల్లటి మరక. కావాలంటే దాన్ని అడగండి."

చెయ్యి చాచి చూపించాడు. ఈసారి చెయ్యి సరిగ్గా ఆవిడ వైపే ఉంది.

ఒక్క పరిహాసం చాలు. ఈయన మాటలకేం సార్, ముసలాయనకు బద్ధకం అంటే చాలు, నవ్వుల్లో కలిసిపోతుంది, ఆయన డేగకన్ను తాతగానే ఉండిపోతాడు. మాటలు ఆవిడకు కొత్త కాదు. కాని ఇన్నాళ్లూ ఆవిడ కాపాడుకొచ్చింది ఉద్యోగాన్ని కాదు. ఆ మాటను ఆయనకన్నా ముందు మరొకరు అనకూడదనే ఆవిడ తాపత్రయమంతా. ఇప్పుడు ఆయనే అన్నాడు. దాన్ని అబద్ధం చేయడానికి ఆవిడకు నోరు రాలేదు.

"నిజమే సార్," అంది.

మేనేజరు నవ్వు అలాగే మొహం మీద కాసేపు నిలిచి, పోయింది. కావాలంటే గేటు దగ్గర పని ఇస్తానన్నాడు, ఇబ్బంది పడుతూనే. వచ్చేపోయేవాళ్లను అక్కడా చూడాలి కదా సార్ అన్నాడు ఆయన. మేనేజరు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన అతిథుల కుర్చీలో కూచున్నాడు. ఆవిడ నిలబడే ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెయిన్‌కోటుకి నమస్తే పెట్టారే, అప్పట్నుంచి."

ఆయనకు గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. "అది కోటా?" అన్నాడు. "వాడికి పొగరని ఎన్నాళ్లు తిట్టానే!" భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తరవాత పక్క కుర్చీని తడిమి దగ్గరికి లాగాడు.

"కూచో. ఇప్పుడేం చేస్తున్నాయి?"

ఇన్నేళ్లలో ఆయన అడగడం అదే మొదటిసారి. ఆవిడ కూచుంది. వాలు మీద వెలుతురు దాదాపు పోయింది. ఉన్నంత మేరకు చూసి, చూసింది చూసినట్టు, ఒక్క చమత్కారం కూడా కలపకుండా చెప్పింది.

వారం చివర అతిథులు వెళ్లిన రోజే వాళ్లిద్దరూ విడిది వదిలి కూరగాయల వ్యాను ఎక్కారు. ఆవిడ చెల్లెలింట్లో వెనక గది ఒకటి ఖాళీగా ఉంది. తోడల్లుడితో ఒకే కప్పు కింద ఉండాల్సి వచ్చిందని ఆయన సణిగితే, "మొహం కనబడదుగా, ఇంకేం బాధ?" అంది ఆవిడ. డ్రైవరు కూడా నవ్వాడు.

"ఇన్ని చెబుతావు, ఈ ఒక్కటీ నా దగ్గర దాచావా అక్కా?" అన్నాడు ఇస్త్రీ అతను మూట అందిస్తూ.

"చెప్పింది ఎప్పుడైనా విన్నావా నువ్వు?" అంది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం బట్టల గది మరీ నిశ్శబ్దంగా అనిపించి, అతను ఏప్రాన్లు తానే తెచ్చుకుందామని బొమ్మల హాల్లోకి వెళ్లాడు. కుర్చీలు బల్లల మీదికి ఎత్తేశారు. కిటికీ పక్క ఈజిల్ మీద పళ్ల డాక్టరమ్మ బొమ్మ ఒక్కటే మిగిలింది. నూనె రంగు ఆరలేదని, కారు సీట్లకు అంటుకుంటుందని వదిలేసి వెళ్లిందట. అతను దగ్గరికెళ్లి చూశాడు. వాలు మీద ఎండుచెట్లు తప్ప ఏమీ లేవు. కింద మడుగు పక్కన, రెల్లు దగ్గర, తాత చెయ్యి చూపించిన చోటే మూడు దుప్పులు నీళ్లు తాగుతున్నాయి. ఒకదాని కొమ్ములు ఒంటికన్నా పెద్దగా ఉన్నాయి, వాటి మీద రంగు ఇంకా తడిగానే మెరుస్తోంది.