కారు తడి ఆరేదాకా

కోబీనా రెండో బకెట్టులో స్పాంజి జాడిస్తున్నాడు. ఒకదాంట్లో సబ్బునీళ్లు, రెండోదాంట్లో ఉత్తనీళ్లు. ఒక్కసారి తుడిచాక స్పాంజిని జాడించనిదే మళ్లీ కారు మీద పెట్టడు. హర్మటాన్ గాలి మొదలైతే తకోరాడీ ఊరంతా ఎడారి దుమ్మే. ఆ దుమ్ము మీద పొడిబట్ట వేశారా, నల్లకారు ఒళ్లంతా గీతలే!

కారు బాయిడూ అయ్యగారిది. దాన్ని కడిగీ కడిగీ కోబీనా నడుము వంగిపోయింది. వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిన శనగల్లా ఉంటాయి. పెళ్లిళ్లకు, శనివారాల్లో జరిగే అంత్యక్రియలకు ఎవరెవరో అందులో ఎక్కి ఊరేగారు గానీ, అతని భార్య మన్సా ఒక్కనాడూ ఎక్కలేదు. ఇవాళ ఎక్కబోతోంది, ఆసుపత్రికి.

ఆమె పనివాళ్ల గది ముందు బెంచీ మీద కూర్చుంది. కాళ్లు వాచిపోయాయి, ఊపిరి అందడం లేదు. అయినా పండగబట్ట కట్టి, కొత్త తలగుడ్డ చుట్టుకుంది.

పొద్దున్నే అయ్యగారు తాళాలు చేతిలో పెట్టారు. "కడగడాలూ గిడగడాలూ తర్వాత. ముందు తీసుకుపోవయ్యా."

కోబీనా తల గోక్కున్నాడు. కారు చూస్తే బూడిదలో పొర్లినట్టుంది. మన్సాయే అంది:

"ఇందులోనా? మార్కెట్టు దారిన పోవాలి. అక్కడ కొట్టు పెట్టుకున్న ఆ ఆరబా చూసిందంటే, పెళ్లాన్ని గడ్డల బస్తాలా మోసుకుపోయాడని నెల్లాళ్లు నవ్వుతుంది. కడుగు."

"ఓపిక ఉందా?"

"నీతో ఇన్నేళ్లు కాపురం చేశా. ఇంకా ఓపిక సంగతి అడుగుతావేం?"

ఇద్దరిదీ ఒకటే పిచ్చి, ఏం చేస్తాం!

కారును గోడనీడలోకి నెట్టి, పైనుంచి కిందికి కడుగుతూ వచ్చాడు. చక్రాలకు వేరే గుడ్డ.

"నా వీపు ఎప్పుడైనా అంత మెత్తగా రుద్దావా?" అంది మన్సా.

"నీ వీపుకు గీతలు పడవులే."

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. కోబీనా స్పాంజి పట్టుకునే అటు తిరిగాడు. వదిలేసి బయల్దేరదామా? నురగ ఆరితే మరకలు కట్టేస్తాయి. ఇంకాస్తే కదా అనుకున్నాడు. ఆ ఇంకాస్తే కొంప ముంచింది.

"అయిందా?"

"బానెట్టు ఒక్కటే."

కాసేపటికి మళ్లీ "అయిందా?" గొంతు సన్నగా వచ్చింది.

"నీళ్లు పోశా. తడి తీయడమే."

తర్వాత ఆమె అడగలేదు. అలిగిందేమో అనుకున్నాడు. మెత్తటి తువ్వాలు పరిచి, రుద్దకుండా అద్ది అద్ది తడి తీశాడు. నల్లరంగులో తన ముఖం కనిపిస్తే ముచ్చటేసింది. వెనక తలుపు బార్లా తెరిచాడు.

"లే, దొరసానీ. రథం సిద్ధం."

మన్సా లేవలేదు. గోడకు తల ఆనించి ఉంది. తలగుడ్డ ఒక పక్కకు జారింది. దగ్గరికెళ్లి భుజం తట్టాడు. తల అతని చేతి మీదికి వాలిపోయింది.

"అయిపోయిందే మన్సా, కడగడం అయిపోయిందే," అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. పొద్దున్నే తీసుకుపోయి ఉంటే బతికేదేమో. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయ్యగారు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ ఎత్తి వెనకసీటులో పడుకోబెట్టారు. మార్కెట్టు దారిలో జనం తలలు తిప్పి చూశారు. కోబీనా ఎవరినీ చూడలేదు.

సాయంత్రం ఒక్కడే గదికి తిరిగొచ్చాడు. అయ్యగారింటి వంటామె మన్సాకు ఎప్పుడు తెచ్చిచ్చిందో ఏమో, బెంచీ మీద కమలాపండు ఉంది. పచ్చతొక్క చెక్కి, రసం పీల్చుకోవడానికి పైన చిన్న మూతలా కోసిపెట్టిన పండు. ఆ మూత ఇంకా తీయలేదు.