ఎడమచేతి గోళ్లు

శనివారం పొద్దున్న రొట్టెకి పిండి జల్లించేసరికి, మా అత్తగారు స్తాంకా పళ్లెం పక్కన నెయిల్ కట్టర్ పెట్టింది. పెళ్లయిన వారం నుంచీ ఇదే వరస. "మనింటి రొట్టెలో గోరు దొరికిందంటే ఊరు మూడు తరాలు చెప్పుకుంటుందే పిల్లా," అని మొదటిసారి నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే పదీ తీసేశాను. కొత్త కాపురం, ఏం చేసినా ముచ్చటే. మా ఆయన కామెన్ చొక్కాకి గుండీ కుట్టడం, కిటికీలో గులాబీ రేకుల జామ్ సీసాలు ఎండకి మెరవడం, అన్నీ పండగే నాకు.

నా తీగల వాద్యం గదూల్కా అప్పుడు గుర్తుకే రాలేదు. ఏడో ఏటి నుంచి పద్దెనిమిదో ఏటి దాకా ఒళ్లో నిలబెట్టుకుని వాయించాను దాన్ని. దాని తీగలు కర్రకి ఆనవు. వేలితో నొక్కితే పలకవు, పక్కనుంచి గోరు తగిలిస్తేనే పలుకుతాయి. రాజధాని సోఫియాలో కాలేజీలో చేరాక, తోటి అమ్మాయిలు గొర్రెల కాపరుల వాద్యమని ఏడిపిస్తే సిగ్గుపడి మంచం కిందకి తోసేశాను. పెళ్లికి ముందు కామెన్ దగ్గర మాత్రం, బ్రహ్మాండంగా వాయిస్తానని గొప్పలు పోయాను.

మొన్న మామగారి పేరుపండగ, అంటే ఆయన పేరుగల పునీతుడి రోజు. ఆనవాయితీ ప్రకారం పిలవకుండానే చుట్టాలంతా దిగారు. కామెన్ నా భుజం మీద చెయ్యేసి, "మా జ్లాతినా వాయిస్తుంది, వినండి," అన్నాడు. పొంగిపోయాను. కాపురానికి వెంట తెచ్చుకున్న గదూల్కా పెట్టె తెరిచి, తీగలు సరిచేసి, కమాను ఆనించాను. ఎడమచేతి వేళ్లు తీగల దగ్గరికి వెళ్లాకే చూసుకున్నాను, వాటి చివర మెత్తటి కండ తప్ప ఏమీ లేదని. కీచుమంది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ కీచే. మామగారి అన్న తల వంచుకుని తన పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. కామెన్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"పోనీలే, చిన్నప్పటి సరదా. బనిత్సా చల్లారిపోతోంది, వడ్డించు," అంది అత్తగారు.

వడ్డిస్తున్నంతసేపూ చెవులు కాలిపోయాయి. పాట చెడినందుకు కాదు. నా చేతిలో ఉన్న విద్యని ఎవరూ బలవంతపెట్టకుండానే, మురిసిపోతూ, శనివారం శనివారం నేనే కోసుకుంటూ వచ్చినందుకు. ఆ సంగతి గిన్నెలు తోముతూ చెప్పబోతే, "ఎవరూ ఏమీ అనుకోలేదులే బంగారం," అన్నాడు కామెన్. అదే ఇంకా కుంచించుకుపోయేలా చేసింది.

ఇప్పుడు నెయిల్ కట్టర్ తీసుకుని కుడిచేతి గోళ్లు అయిదూ తీశాను. దాన్ని మడిచి ఆవిడ ముందుకి జరిపాను.

"ఆ చెయ్యో?"

"ఇవి పెరగాలత్తయ్యా."

"మరి పిండి ఎవరు పిసుకుతారే?"

కామెన్ కాఫీ తాగుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిండి పళ్లెం అతని వైపు తోసి అన్నాను.

"మీ అబ్బాయి గోళ్లు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి కదా."